జాఱిన మాటయు, జాఱవిడిచిన మాటయు

పత్రికలో నొక తప్పు పడినయెడల చదువరి వెనుకకు మరలి ఆ పంక్తిని మఱల చూచుకొనవచ్చును, ప్రక్కవారికి చూపవచ్చును, మఱునాటి సంచికలో సవరణకై వెదకవచ్చును. రేడియోలో పలికిన మాట అట్టిది కాదు. చెవిని బడిన క్షణముననే యది గాలిలో గలసిపోవును. తాము సరిగా వినలేదా, వారే తప్పు పలికిరా యని విన్నవారు సందేహించులోపల రెండవ వార్త వచ్చి మొదటిదానిని త్రోసివేయును. ఇందువలననే కాబోలు, ఉదయవేళ రేడియోలో చదివెడి వార్తలను గుఱించిన విమర్శ మన భాషలో మిక్కిలి యరుదు. నవలను విమర్శించువారు గలరు. నాటకమును, చలనచిత్రమును తూచువారు గలరు. పొయ్యిమీద పాలు పెట్టుకొని, పిల్లలను బడికి సిద్ధపఱచుచు, పొలమునకు బయలుదేరుచు ఇంటిల్లపాదియు వినెడి ఆ కొద్ది నిమిషముల వార్తలు మాత్రము ఎవరికిని రచనగా దోచుట లేదు. అదియు రచనయే. దానికి కర్తలు గలరు; అందొక యెంపిక గలదు, ఒక భాష గలదు, ఒక ధర్మము గలదు. వీనిని ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

ఉదయవార్తలను గుఱించి నలుగురు కూర్చున్నచోట మాట వచ్చెనేని, ముందుగా బయల్వెడలునవి నోటితప్పులు. వార్తాపాఠకుడు దగ్గుట, కాగితములు తాఱుమాఱగుట, పేరు తడబడుట, లక్ష కోటి యగుట, నవ్వు నాపుకొనలేకపోవుట: వీనిని జనులు కథలుగా చెప్పుకొందురు. ఇది మన దేశమునకే చెల్లిన వినోదము కాదు. బ్రిటిషు ప్రసారసంస్థయైన బి.బి.సి. వారి 'టుడే' యను ఉదయ కార్యక్రమమున, 2008 మార్చిలో, 1860 నాటి అతిప్రాచీనమైన ధ్వనిముద్రణ నొకదానిని వినిపించిరి. ఆ వింతస్వరము విన్న వెంటనే షార్లట్ గ్రీన్ అను అనుభవజ్ఞురాలైన వార్తాపాఠకురాలు ఒక రచయిత మరణవార్తను చదువవలసి వచ్చి, నవ్వు నాపుకొనజాలకపోయెను. 2010 డిసెంబరులో అదే కార్యక్రమమున జేమ్సు నాటీ అను ప్రసిద్ధ వ్యాఖ్యాత, సంస్కృతిశాఖ మంత్రి పేరు చెప్పబోయి, శాఖ పేరులోని అక్షరమును ఇంటిపేరునకు తగిలించి, సభలో పలుకరాని మాటను పలికెను. వినినవారిలో పెక్కండ్రు నవ్విరి, కొందఱు కోపించిరి, ఆయన క్షమాపణ చెప్పుకొనెను. అంతటితో ఆ కథ ముగిసెను.

మా వాదమిది: ఇట్టి జాఱిన మాటలు క్షమింపదగినవి. విన్న వెంటనే తప్పని తెలిసిపోవు తప్పు ఎవరిని మోసపుచ్చజాలదు. ఉదయవార్తలలో నిజముగా విచారింపవలసినవి జాఱవిడిచిన మాటలు. అవి తడబాటెఱుగక, స్పష్టమైన యుచ్చారణతో, గంభీరమైన కంఠముతో చదివిన వార్తల నడుమనే యుండును. వానిని పట్టుకొనుటకు నవ్వు చాలదు. వినుటయందు అభ్యాసము కావలెను.

వాదము గాలిలో దేలిపోకుండుటకై యొక యూరిని ఆధారముగా గొందము. హైదరాబాదు నుండి కామారెడ్డికి పోవు దారిలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద, భిక్నూరు గలదు. సిద్ధరామేశ్వరస్వామి గుడిచేత యాత్రికులకును, తెలంగాణ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణముచేత విద్యార్థులకును, రైలుస్టేషనుచేత ప్రయాణికులకును తెలిసిన యూరు; మండలకేంద్రము. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి జిల్లా యేర్పడువఱకు నిజామాబాదు జిల్లాలోనిది. ఇట్టి యూరు వార్తలను వినుట దినదినము. వార్తలలో వినబడుట మాత్రము ఏ తిరునాళ్లకో, ఏ ప్రమాదమునకో.

ఈ ప్రాంతమునకు రేడియో వచ్చిన క్రమమును జ్ఞప్తికి దెచ్చుకొన్నయెడల ఈ వ్యత్యాసము క్రొత్తది కాదని తెలియును. నిజాము రాజ్యపు దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరిలో ప్రసారములు మొదలిడెను. ప్రజలలో పెక్కండ్రు తెలుగువారైనను ఆ కేంద్రమున ప్రాధాన్యము ఉర్దూకే. 1948 సెప్టెంబరు 17వ తేదీ సాయంకాలము, సైనికచర్య ముగింపునకు వచ్చినవేళ, తన మంత్రివర్గము రాజీనామా చేసినదనియు, యుద్ధము విరమింపుమని యాజ్ఞాపించితిననియు నిజాము దెలిపినది ఆ రేడియోలోనే. అంతవఱకు రాజ్యపక్షమున ప్రచారము చేయుచుండిన గొంతే ఆ సాయంకాలము రాజ్యము ముగిసెనని చెప్పినది. 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆ కేంద్రము ఆలిండియా రేడియోలో విలీనమయ్యెను. ఆకాశవాణి యను పేరు దేశమంతటికి 1957లో వచ్చినది. పిమ్మట హైదరాబాదు నుండి ప్రాంతీయవార్తలును, ఢిల్లీ నుండి జాతీయవార్తలును తెలుగున వినవచ్చెను. తరువాత నిజామాబాదులోనే యొక ఎఫ్.ఎం. కేంద్రము వెలసెను. కంఠములు మాఱినవి, భాష మాఱినది, ప్రభుత్వములు మాఱినవి. వార్త పైనుండి క్రిందికి దిగవలెనను పద్ధతి మాత్రము చాలవఱకు నట్లే నిలిచియున్నది.

ఆ వార్తలు తయారగు విధమును తెలిసికొనక వానిని దూషించుట న్యాయము కాదు. ఢిల్లీలోని వార్తావిభాగమున దేశమంతట నుండి వచ్చిన సమాచారమును ముందుగా ఆంగ్లమున కూర్చెడివారు. ఆ పుటలు ఒక్కటొక్కటిగా తెలుగు విభాగమునకు వచ్చెడివి. అచ్చటి యుద్యోగమునకు పేరే 'న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్'; అనగా అనువదించువారును చదువువారును ఒక్కరే. చేతికి వచ్చిన పుటను గబగబ తెనిగించి, సిరా యాఱకముందే మైక్రోఫోను ముందు కూర్చుండి, గడియారపు ముల్లును చూచుకొనుచు చదువవలెను. ఈ యిఱుకున నుండియే మంచి తెలుగును సాధించినవారు గలరు. 1960ల నాటి జోళిపాళెం మంగమ్మగారు ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ. స్త్రీ గొంతు పాటకును జోలకును మాత్రమే తగునని తలచుచుండిన యిండ్లలోనికి యుద్ధవార్తలను, శాసనసభల విషయములను స్త్రీ కంఠమున చేర్చిన గౌరవ మామెది. ఏడిద గోపాలరావుగారు సుమారు మూడు దశాబ్దములు ఢిల్లీ నుండి చదివిరి. నాటకరంగమున నలవడిన వాచికము వారికి తోడ్పడినది. పన్యాల రంగనాథరావుగారి పేరు చెప్పినంతనే వారి గొంతు చెవిలో మ్రోగెడి శ్రోతలు నేటికిని గలరు. వీరి పలుకును విని యక్షరముల వొత్తులను దిద్దుకొన్న పిల్లలెందఱో. గురువు లేని పల్లెలో రేడియో గురుత్వము వహించెననుట అతిశయోక్తి కాదు.

అట్లయినను నోటితప్పులేల పుట్టుచున్నవి? మన వార్తలలో పేర్లు తప్పుటకు ముఖ్యకారణము నోరు కాదు, ఆంగ్లలిపి. ఆ లిపిలో మన ట-త భేదము, ల-ళ భేదము, హ్రస్వదీర్ఘముల భేదము నిలువవు. దోమకొండ ఆ లిపిలోనికి పోయి తిరిగి తెలుగునకు వచ్చునప్పటికి డోమకొండ కావచ్చును. మాచారెడ్డి మచరెడ్డి కావచ్చును. తలమడ్లకు రైల్వేవారు వ్రాయు వ్రాతలో నొక యచ్చు లోపించి తల్మడ్ల యైనది. భిక్నూరునకే ఆంగ్లమున ఒకటికంటె నెక్కువ వర్ణక్రమములు వాడుకలో గలవు. ఢిల్లీలో కూర్చున్నవారికి ఈ పేర్లను పలికి వినిపించువా రెవరు? తమ యూరిపేరు తప్పు పలికిరని కొందఱు దానిని అవమానముగా నెంచి కోపింతురు. మేము దానిని ఆనవాలుగా నెంచుదుము. ఒక యూరిపేరు తప్పిపోయెననగా, వార్త పుట్టినచోటు మొదలుకొని మైక్రోఫోను వఱకు నడుమ ఆ యూరివారితో మాటలాడినవారు ఒక్కరును లేకపోయిరని యర్థము. వైద్యుడు నాలుకను చూచి కడుపులోని రోగమును కనిపెట్టును గదా. జాఱిన మాట యట్లే జాఱవిడిచిన మాటకు జాడ చూపును.

ఆ జాడ యెంతదూరము పోవునో 2025 ఆగస్టు నెల తెలిపినది. ఆ నెల 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో మహావర్షము కురిసెను. రాజంపేట మండలములోని అర్గొండలో ఒక్కదినమున 40 సెంటీమీటర్లకు పైబడి వాన పడెను. భిక్నూరు, తలమడ్ల స్టేషనుల నడుమ రైలుపట్టాలమీదుగ నీరు పాఱెను; కొన్ని రైళ్లను రద్దుచేసిరి, కొన్నిటిని దారి మళ్లించిరి. జాతీయ రహదారిమీద రాకపోకలు చిక్కుపడెను. ఎన్నడును వార్తకెక్కని ఆ రెండు చిన్న స్టేషనుల పేర్లు ఆ దినమున వేలకొలది ప్రయాణికులకు కావలసిన పేర్లాయెను. అట్టి యుదయమున భిక్నూరులోని గృహిణి రేడియోను గాని, వార్తలు వినిపించు సెల్‌ఫోనును గాని దగ్గఱకు దీసికొన్నప్పుడు కోరునదేమి? ఏ దారి మూసిరి? ఏ చెఱువుకట్ట ప్రమాదమున నున్నది? నేడు బడి కలదా? పట్టణమున చదువుచున్న బిడ్డ రైలెక్కవచ్చునా? ఆపద వచ్చినయెడల ఎవరిని పిలువవలెను? ఈ యైదింటికిని సమాధానము రెండు నిమిషములలో చెప్పవచ్చును.

ప్రభుత్వవార్తలకు వాడుకయైన వరుస వేఱు. ఫలానా దినపు ప్రసారమును వేలెత్తి చూపుట మా యుద్దేశము కాదు; ఏండ్ల తరబడి వినవచ్చుచున్న వరుసను చెప్పుచున్నాము. వాన కురిసిన మఱునాడు మొదటి వాక్యము తఱచుగా నిట్లుండును: పరిస్థితిని ముఖ్యమంత్రి సమీక్షించినారు. రెండవది: అధికారులు అప్రమత్తముగా నుండవలెనని మంత్రి యాదేశించినారు. మూడవది: సహాయచర్యలు ముమ్మరముగా సాగుచున్నవి. వాన యెచ్చట కురిసెను, ఎంత కురిసెను, ఎవరి యిల్లు కూలెను అనునవి నాలుగవ వాక్యమునకు గాని రావు. ఒక్కొక్కప్పుడు సమయము చాలక రానేరావు. ఈ వాక్యములలో నేదియు నసత్యము కాదు. ఒక్క యక్షరమైనను తడబడలేదు. అయినను గృహిణికి కావలసిన వార్త యందు లేదు. జరిగినదానికి కర్త వాన. చెప్పినదానిలో కర్త మంత్రి. కర్తను మార్చినయెడల వాక్యమే మాఱునని బడిపిల్లలకు తెలిసిన వ్యాకరణమును వార్తావిభాగము మఱచుట వింత.

భాషయందు ఈ దోషము మఱింత సూక్ష్మముగా జొచ్చినది. ఆంగ్లపు పుటను తొందరలో తెనిగించుటచే కర్తలేని వాక్యము మన వార్తలకు స్వభావమై కూర్చున్నది. చర్యలు చేపట్టబడినవి, విచారణకు ఆదేశింపబడినది, పునరావాసము కల్పింపబడినది, లాఠీప్రయోగము జరిగినది. ఎవరు చేపట్టిరి? ఎవరు కొట్టిరి? లాఠీ తనంతట తాను లేచి పడినదా? 'వరదబాధితులకు పునరావాసము కల్పింపబడినది' యనుటకు మాఱుగా, 'నిన్న రాత్రి వాగు పొంగి మూడిండ్లు కూలినవి. వానిలోనివారిని తహసీల్దారు ఊరిబడిలో నుంచెను. రాత్రి భోజనము గ్రామస్థులు పెట్టిరి' యని చెప్పినయెడల ఎంత మేలు! మాటలు కొన్ని యెక్కువైనను, కన్నులకు కట్టును. కాదనదలచినవాడు కాదనుటకును వీలగును. విమర్శకు వీలిచ్చు వాక్యమే సత్యమునకు దగ్గఱ. గ్రాంథికమా, వ్యావహారికమా యను పాతవివాదమును ఇచ్చట లేవదీయుట లేదు. ఏ భాషలో వ్రాసినను చేసినవాడు కనబడవలెననియే మా కోరిక.

చిన్నయూళ్ల వార్తలలో నిట్లుండగా, దేశమును కదలించిన వార్తలలో రేడియో యెట్లు నడచుకొన్నదో చూచుట యవసరము; ఏలయన అలవాటు యొక్క బలము అట్టి దినములయందే బయటపడును. 1948 జనవరి 30వ తేదీ సాయంకాలము అయిదుంబావు దాటిన పిమ్మట గాంధిమహాత్ముని కాల్చి చంపిరి. దేశవిభజన గాయము లింకను పచ్చిగా నున్న కాలము. హంతకుడు ముస్లిమను వదంతి పుట్టెనేని ఎన్ని ప్రాణములు పోవునో యెవరు చెప్పగలరు? ఆలిండియా రేడియో ఆఱు గంటల వార్తలలో మహాత్ముని మరణముతో పాటు హంతకుడు హిందువను సంగతిని గూడ స్పష్టముగా చెప్పినది. ఆ వార్తలో నలంకారము లేదు, విలాపము లేదు. వినువారికి ఆ క్షణమున నేమి తెలియవలెనో అది యున్నది. వార్తారచనకు ఇంతకంటె మంచి పాఠము మన దేశమున వేఱొకటి కలదో లేదో మే మెఱుగము.

దీనికి ప్రక్కన 1979 మార్చి 22వ తేదీని పెట్టి చూడుడు. లోకనాయకుడు జయప్రకాశ్ నారాయణ్ బొంబాయి జస్లోకు ఆసుపత్రిలో నుండగా, ఆయన మరణించెనని ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి ఢిల్లీలో లోకసభయందు ప్రకటించెను. సభ వాయిదా పడెను. రేడియో తన కార్యక్రమముల నాపి దేశమంతటికి నా వార్తను చాటెను. బడులు, అంగళ్లు మూసివేసిరి. ఆయన బ్రదికియుండెను. అక్టోబరు 8వ తేదీన గాని మరణింపలేదు. దీనిని గొప్ప పొరపాటుగా అందఱును చెప్పుకొందురు. పొరపాటు నోటిది కాదు. వార్తను చదివినవారు అక్షరము తప్పలేదు. ఉన్నతస్థానము నుండి వచ్చిన మాటకు పరీక్ష యక్కఱలేదను నమ్మకమే ఆ పొరపాటునకు మూలము. రోగి బొంబాయిలో నుండగా వార్త ఢిల్లీలో పుట్టెను. సమీక్షించిన ముఖ్యమంత్రిని మొదటి వాక్యమున నిలిపి, మునిగిన యూరిని నాలుగవ వాక్యమునకు నెట్టు నలవాటునకును దీనికిని మూల మొక్కటే.

1984 అక్టోబరు 31వ తేదీన దోషము మఱియొక వైపునకు మొగ్గెను. ఉదయము తొమ్మిది దాటిన పిమ్మట ప్రధానమంత్రి ఇందిరాగాంధిని కాల్చిరి. ఆమె మరణమును ఆకాశవాణి సాయంకాలమునకు గాని ప్రకటింపలేదు. నడుమనున్న గంటలలో విదేశపు రేడియో చెప్పినదే జనులకు దిక్కయ్యెను. బెంగాలు పర్యటనలో నున్న కుమారుడు రాజీవుగాంధి సైతము బి.బి.సి. వార్తను విని యుండెను. 1979లో పరీక్షింపక చెప్పిరి; 1984లో తెలిసియు చెప్పలేదు. రెండిట నొక్కటే లోపము: వార్తావిభాగము తన కన్నులతో చూచి, తన బుద్ధితో నిర్ణయించుకొనుటకు అలవాటుపడలేదు, పైనుండి కనుసైగకై యెదురుచూచెను.

ఇక 1975 జూన్ 26వ తేదీ యుదయమును మాత్రము మఱువరాదు. ఆ వేకువన అత్యవసరపరిస్థితిని గుఱించి ప్రధానమంత్రి రేడియోలో స్వయముగా ప్రకటించెను. క్రిందటి రాత్రియే ప్రతిపక్షనాయకులను చెఱసాలలకు పంపిరి. ఢిల్లీలో పెక్కు పత్రికల ముద్రణాలయములకు విద్యుత్తు నాపిరి. సెన్సారు వచ్చి కూర్చుండెను. ప్రసారమున తడబాటు లేదు, దగ్గు లేదు, పుట తాఱుమాఱు కాలేదు. నోటితప్పులను మాత్రమే లెక్కించువాడు ఆ యుదయవార్తలకు నూటికి నూఱు మార్కులు వేయవలసియుండును. జాఱిన మాటలను చూచి నవ్వి, జాఱవిడిచిన మాటలను గుర్తింపని శ్రోతకు ఇదియే శిక్ష.

తప్పు జరిగినప్పుడు దిద్దుకొను విధముననే సంస్థ యొక్క శీలము తెలియును. చదువుచు పదము తడబడినవారు 'క్షమించాలి' యని పదమును మఱల సరిగా పలుకుట మన రేడియోలో చిరకాలముగా నున్న మర్యాద. వినుటకు చిన్నమాటయైనను అది గొప్ప సంస్కారము. మా యిండ్లలో పెద్దలు పిల్లలయెదుట ఆ మాటను పలుకుట యెంత యరుదో ప్రతివారికిని తెలియును. ఈ మర్యాద నోటితప్పు వఱకే వచ్చి ఆగిపోవుచున్నది. నిన్న చెప్పిన సంఖ్య తప్పని నేడు తేలినయెడల, నిన్న నిందితుడని చెప్పినవానిని నేడు న్యాయస్థానము విడిచిపెట్టినయెడల, ఆ సవరణ అదే వేళకు, అదే ప్రాధాన్యముతో వినవచ్చుట మిక్కిలి యరుదు. పత్రికలలో నైనను ఒక మూల చిన్నయక్షరములలో 'సవరణ' యని యచ్చొత్తుదురు. రేడియోకు మూల లేదు. కావున ఉదయపు తప్పునకు సవరణ మఱునాటి యుదయమున, మొదటి నిమిషముననే రావలెను. మధ్యాహ్నము చెప్పినయెడల పొలమునకు పోయినవాడు వినజాలడు.

'ఇష్టము లేనివారు వేఱొక కేంద్రమును వినవచ్చును గదా' యని కొంద ఱందురు. ఇచ్చటనే ఆకాశవాణి బాధ్యత రెట్టింపగుచున్నది. ఆకాశతరంగములు ప్రజల సొత్తని సుప్రీముకోర్టు 1995లో తీర్పుచెప్పినను, ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములకు సొంతవార్తలు చెప్పు స్వేచ్ఛను 2011 నాటి నియమములు ఈయలేదు. ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండ వినిపించుటకే యనుమతించినవి. వాతావరణము, రాకపోకలు, విద్యుత్తు నీరు మొదలగువానిని గుఱించిన ప్రకటనలు మాత్రము చేయవచ్చుననిరి. గంటకు పది నిమిషముల చొప్పున వార్తల కనుమతి యీయవలెనని 2023లో ట్రాయి సిఫారసు చేసినది. జహీరాబాదు ప్రాంతమున మాచునూరులో 2008 అక్టోబరు 15వ తేదీన వెలసిన సంఘం రేడియోను దళితస్త్రీలు నడపుచున్నారు. విత్తనములను గుఱించి, మందుమాకులను గుఱించి, తమ పాటలను గుఱించి వారు తమ నుడికారముననే చెప్పుదురు. వారి యెదుట మాటలాడినయెడల భిక్నూరు స్త్రీ తన భాషనే వినును. అట్టివారికి సైతము 'నిన్న మా మండలములో నిది జరిగినది' యని వార్తగా చెప్పుటకు నియమములు దారి యీయలేదు. నోరున్నవారికి వార్త లేదు. వార్త యున్నచోట ఊరి నోరు లేదు.

ఆ ఖాళీని నింపునది వదంతి. వానల దినములలో ఏ చెఱువుకట్టయో తెగినదని సెల్‌ఫోనులలో వచ్చు గొంతులు, ఏ యేటిదో యెఱుగని దృశ్యములు ఇంటింటికి చేరును. వానిని నమ్మి పరుగెత్తినవారిని చూచి నవ్వుట సులభము. కట్ట క్షేమముగా నున్నదని ఉదయమున ఒక్క నమ్మదగిన కంఠము చెప్పియుండినయెడల వారు పరుగెత్తియుండరు. ప్రసారభారతి చట్టము 1990లో శాసనమై 1997లో అమలునకు వచ్చినది. ప్రభుత్వమునకు దూరముగా, ప్రజలకు దగ్గఱగా ప్రసారము నడువవలెననుటయే దాని ముఖ్యోద్దేశము. ఆ దూరము, ఆ దగ్గఱతనము ఢిల్లీలోని భవనములలో కొలువదగినవి కావు. భిక్నూరు వాగు పొంగిన దినమున వార్తలో మొదటి వాక్యమేదియో దానిని బట్టి కొలువవలెను.

వార్త లేనప్పుడు లేదని చెప్పుటయు ధైర్యమే. 1930 ఏప్రిల్ 18వ తేదీ రాత్రి, గుడ్‌ఫ్రైడే నాడు, బి.బి.సి. వారు వార్తల వేళకు 'నేడు వార్తలు లేవు' అని చెప్పి, మిగిలిన సమయమున పియానో వాయించిరి. నిజముగా నా దినమున లోకమున నేమియు జరుగలేదని కాదు. ప్రపంచమున వార్త లేని దినముండునా? తమకు చేరినదానిలో చెప్పదగినది లేదని వారు నిర్మొగమాటముగా నొప్పుకొనిరి. నేడు మన ఉదయవార్తలలో శంకుస్థాపనలకును, జయంతులకు పూలమాలలు వేయుటకును పోవు సమయమును చూచినప్పుడు ఆ పియానో జ్ఞప్తికి వచ్చుచుండును. పూలమాల వార్త నొకదానిని తగ్గించినయెడల ఒక మండలపు వార్తకు చోటు దొరకును.

గృహస్థులకు గూడ నిందు ధర్మము గలదు. రేడియో చెప్పినది వినుటతో శ్రోత పని తీరదు. ఇంట పిల్లలకు ఉచ్చారణ నేర్పుటకై వార్తలు వినిపించుట మంచి యాచారము. దానికి వినుటయందలి విద్యను గూడ చేర్చవలెను. వార్త ముగిసిన పిమ్మట పిల్లలను మూడు ప్రశ్నలడుగుడు. ఈ సంగతిని ఎవరు చెప్పిరి? దీనివలన నష్టపడినవారిని ఎవరైన నడిగిరా? ఎవరు చేసిరో చెప్పక విడిచిన వాక్యమేది? నెలదినములు ఇట్లడిగినయెడల పదేండ్ల బాలిక సైతము జాఱవిడిచిన మాటను పట్టుకొనును. స్త్రీలు వంటయింటి నుండి వినెడి వార్తలను మగవారు అరుగుమీద చర్చించుట యను పాతయాచారము తొలగి, ఇంటిల్లపాదియు నొక్కచోట కూర్చుండి మాటలాడుకొనుట యలవడవలెను. వంటగ్యాసు ధర గాని, నీళ్లు రాని సంగతి గాని, బడిలో పంతులు లేని సంగతి గాని వార్తయగునా కాదా యని తేల్చు నధికారము ఆ యింటి స్త్రీకి గలదు.

ఆకాశవాణి వార్తావిభాగమువారిని మేము కోరునవి యెక్కువ కావు. ప్రతి జిల్లాలోని యూళ్ల పేర్లను తెలుగులిపిలో, ఆ యూరివారు పలుకునట్లు వ్రాయించి వార్తాపాఠకుల బల్లమీద నుంచుడు. ఆపద దినములలో ఊరిని మొదటి వాక్యమున, మంత్రిని నాలుగవ వాక్యమున నిలుపుడు. చేసినవాని పేరు లేని వాక్యమును అనువాదకుడు తిరిగి వ్రాయవలెనని నియమించుడు. నిన్నటి తప్పును నేటి యుదయమున మొదట దిద్దుడు. ఇవి చేసిన దినమున, వార్తాపాఠకురాలు చదువుచు చదువుచు తలమడ్లను తల్మడ్ల యని పలికినను, భిక్నూరువారు నవ్వి, అభిమానముతో క్షమింతురు.